తిరుత్తిన కుందేళ్లు

ఆ రోజుల్లో విద్వాన్ పట్టా చేతికి వచ్చిన ప్రతివాడూ తనకోసం ఏదో ఒక పాఠశాలలో కుర్చీ వేచి ఉన్నదని నమ్మేవాడు. నాకు దొరికినది తిరుపతి శివార్లలోని ఒక కుందేళ్ల ఫారంలో తాత్కాలికోద్యోగం. బతికి ఉన్న కుందేలు పొడవు, ఛాతీ చుట్టుకొలత, తొడ చుట్టుకొలత టేపుతో తీసుకొని, దాని నుంచి ఎంత మాంసం రాగలదో ముందే అంచనా కట్టవచ్చునా అన్నది అక్కడి డాక్టరుగారి పరిశోధన. కొలవడమూ, రిజిస్టరు రాయడమూ నా వంతు. (పెరుమాళ్ల తీర్థం పుచ్చుకోనిదే గడప దాటని ఇంటివాణ్ణి. మాంసమన్న మాట రాయడానికి మూడుసార్లు కలం దులిపేవాణ్ణి.) కుందేళ్లను సాకే పుత్తూరు మామకు నా టేపంటే చులకన. వెన్ను మీద బొటనవేలు ఒక్కసారి నడిపి, "దీంట్లో కండ యాడుండాది సామీ? అంతా బొచ్చే! నువ్వు కొలిచేది చొక్కాకా?" అని నవ్వేవాడు. అయినా, బెదరకుండా వాటిని ఒడిలో పట్టుకోవడం నాకు నేర్పినది ఆయనే. ప్రతి ఉదయం మా ఇంటికి వచ్చి తోటకూర కాడలు వాటికోసం పట్టుకుపోయేవాడు.

కోతకు వెళ్లిన కుందేలు మాంసం తూకం పక్క షెడ్డు నుంచి చీటీగా వచ్చేది. దానిని ఎక్కించి, చివరి గడిలో 'కోసినది' అని రాయాలి. ఆ మాట నా కలానికి రాలేదు. కోత అన్న మాట నోట రాకూడదని మా వైష్ణవుల ఇంట వంకాయను సైతం కోయరు, తిరుత్తుతారు. అందుచేత ప్రతి కుందేలుకు ఎదురుగా ముత్యాల వంటి అక్షరాలతో 'తిరుత్తినది' అని రాసుకుంటూ పోయాను. డాక్టరుగారిది సత్యవేడు. అరవం కలిసిన ఆ సీమలో తిరుత్తడమంటే రాసినదాన్ని దిద్దడం!

ఒకనాడు రిజిస్టరు తెరిచి ఆయన నిర్ఘాంతపోయారు. "ఏమప్పా, అన్నీ తిరుత్తేసినావా?"

"ఒక్కటీ వదల్లేదు సార్," అన్నాను వినయంగా.

"ఎవురు తిరుత్తమన్నారు నిన్ను?"

"తమరే కదా సార్!"

ఆయన ముఖం కందగడ్డయింది. "దొంగ కొలతల కోసరం ఇన్ని ప్రాణాలు తీసినామా? రేపటి నుంచి రావద్దు నువ్వు!"

నాకు ఉద్యోగం పోతున్నదని తెలిసింది గాని, ఎందుకో తెలియలేదు. అంతలో మామ గంప దించి, "సార్, అది వాళ్లింటి మాట! 'ఉండప్పా, కూర తిరుత్తి కాడలిస్తా' అంటాది వాళ్లమ్మ. కోసినారని రాసినాడు సార్ పాపం, దిద్దలేదు" అన్నాడు.

డాక్టరుగారు సగమే నమ్మారు. ఆ ఉదయం నేను కొలిచినవి నాలుగు ఇంకా గూళ్లలోనే ఉన్నాయి. ఎదురుగా మళ్లీ కొలవమన్నారు. మూడు సరిపోయాయి. నాలుగోదాని ఛాతీ అరంగుళం ఎక్కువ వచ్చింది. "ఊపిరి పీల్చింది సార్, రవ్వంత ఆగండి," అన్నాడు మామ. అది వదిలింది. టేపు సరిపోయింది.

డాక్టరుగారు పకపకా నవ్వారు. "ఇంకమీదట కోసినదనే రాయి నాయనా. కోసేది వాటికి ఎట్లాగూ తెలీదు, నాకైనా తెలియాల!" ఆ సాయంకాలమంతా కూర్చొని ప్రతి 'తిరుత్తినది' కొట్టివేసి 'కోసినది' అని రాశాను. (రిజిస్టరును నిజంగా తిరుత్తినది ఆ ఒక్కపూటే.)

ఇప్పుడు మా ఆవిడ "ఈ వంకాయలు కాస్త తిరుత్తిపెట్టండి" అంటే కత్తిపీట ముందు కూర్చుంటాను. కాయ చేతికి రాగానే బొటనవేలు దానంతట అదే దాని వెన్ను వెతుకుతుంది. ఎంత కూర వస్తుందో గంభీరంగా అంచనా చెబుతాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ సరిపోలేదు. మామ ఉంటే, "అంతా తొడిమే సామీ!" అనేవాడు.