వానకు ఉబ్బిన బెరడు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆఫీసు జీపు నడిపే మల్లేశన్న. అది 2022 వానాకాలం. శంషాబాద్ దాటి తుక్కుగూడ పోయే దారిలో ఉన్న ఒక చిన్న అటవీ పరిశోధన కేంద్రంలో నేను లైబ్రరీ అసిస్టెంటును. విమానాలు మా కప్పు మీదుగానే దిగుతాయి. చప్పుడు రాగానే ఎవరి మాట అయినా మధ్యలో ఆగుతుంది, అది పోయాక అక్కడి నుంచే మొదలవుతుంది. మా అందరికీ అలవాటే.

"షాహీన్, రమాదేవి మేడం ఆమె పేపరు ఆమెనే వాపస్ తీసుకుంటదంట. బండికి రివర్స్ గేర్ ఉంటది గని, పేపరుకు రివర్స్ ఏంది బిడ్డా?" అన్నాడు మల్లేశన్న. నవ్వు రాబోయి ఆగిపోయింది. మేడం మా కేంద్రంలో శాస్త్రవేత్త, ఆ వారమే నేను ఆమె ప్రమోషన్ కోసం ఆమె పేపర్ల లెక్కలతో ప్రొఫైల్ తయారు చేస్తున్నాను.

నేను బడికి పోలేదు. మా అబ్బా, అంటే నాన్న, ఇంట్లోనే ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు నేర్పి, పరీక్షలు ప్రైవేటుగా రాయించాడు. ఆయన ఓపిక వల్ల, అల్లా దయ వల్ల ఈ కుర్చీ దొరికింది. మా శాస్త్రవేత్తల పరిశోధన పేపర్లను ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారో సరిచూడటం నా పని. ఒక్కో ప్రస్తావన ఒక సైటేషన్. హెచ్-ఇండెక్స్ అని ఇంకో లెక్క ఉంది. పది పేపర్లకు ఒక్కోదానికి కనీసం పదేసి సైటేషన్లు ఉంటే, ఆ మనిషి హెచ్-ఇండెక్స్ పది. ప్రమోషన్ ఇచ్చే కమిటీ, మనిషి కన్నా ముందు ఈ అంకెలనే చూస్తుంది.

మేడంది గోదావరి వైపు. శ్రీశైలం దారిలోని అడవిలో కొన్ని ప్లాట్లు, అంటే హద్దు గీసిన ముక్కలు, ఎంచుకొని వాటిలోని చెట్ల చుట్టుకొలతను కొన్నేళ్లకోసారి టేపుతో కొలిచింది. వేసవిలో ఆకు రాల్చే మన ఎండు అడవుల్లో చెట్లు అనుకున్నదానికంటే వేగంగా పెరుగుతున్నాయని ఆమె రాసిన పేపరుకు మంచి పేరు వచ్చింది. శుభవార్త కదా, ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని సైట్ చేశారు. ఆమె సైటేషన్లలో సగానికి పైగా ఆ ఒక్కదానివే.

తప్పు ఆ కొలతలోనే జరిగింది. మొదటిసారి నడి ఎండాకాలంలో కొలిచింది. రెండోసారి అడవిలోకి పోయే అనుమతి ఆలస్యమై, వానలు పడ్డాక కొలిచింది. వానకు బెరడు నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు, అంతగా ఉబ్బుతుందనుకోలేదు. ఈసారి మళ్లీ ఎండల్లో పోయి కొలిస్తే, పెరిగాయనుకున్న చెట్లు సన్నబడి కనిపించాయి.

మా విభాగాధిపతి మంచివాడే. ఆ పోస్టు వస్తేనే ప్లాట్లు ఆమె చేతిలో ఉంటాయి, లేకుంటే ప్రాజెక్టు మూసేస్తారు, పేపరు అచ్చయిన పత్రికకు రాసేదేదో ప్రమోషన్ ఇంటర్వ్యూ అయ్యాక రాయమని ఆమెను బతిమాలాడు. నాకూ అదే సబబనిపించింది.

"మేడం, జర ఆగుండ్రి. నాలుగు దినాలల్ల ఏం పోతది? తర్వాత పంపుదురు."

ఆమె ఏదో చెప్పబోయింది. విమానం వచ్చింది. అది దిగిందాకా కిటికీ బయటికే చూస్తూ ఉంది.

"నా పేపరు చూసి ఎవరో అడవి బాగానే ఉందని నిశ్చింతగా ఉంటారు షాహీన్. ఈ నాలుగు రోజులూ నేను ఆ నిశ్చింత మీద జీతం తీసుకోవాలా? ప్రొఫైల్‌లో ఆ పేపరు పక్కన 'ఉపసంహరించుకున్నది' అని రాయమ్మా."

రాశాను. ఆమె పత్రికకు ఉత్తరం పంపి, తప్పు ఎక్కడ జరిగిందో చెబుతూ ఒక దిద్దుబాటు కూడా అచ్చు వేయించింది. అంకెలు పడిపోయాయి. కమిటీ వేరొకరిని ఎంచుకుంది, ప్రాజెక్టు ఆగింది. మల్లేశన్న జీపు ఆ దారి మరచిపోయింది. కొలత గుర్తుకు చెట్లకు కొట్టిన నంబరు రేకులు మాత్రం ఇంకా అట్లనే ఉంటాయంటాడు.

రిట్రాక్షన్, అంటే ఈ ఉపసంహరణ, పేపరు చెరిగిపోవడం కాదు. దాని మీద పత్రిక ఒక ముద్ర వేస్తుంది, అంతే. ఆ ముద్ర చూడకుండా సైట్ చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు. రిటైరయ్యాక మేడంకు జబ్బు చేసింది. బుద్వేల్‌లో ఆమె కిరాయి ఇంటికి చివరిసారి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకొని, "ఇంకా దాన్నే సైట్ చేస్తున్నారా?" అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె ముందర నోరు రాలేదు. "చేస్తున్నరు మేడం."

"మరి నేను రాసిన దిద్దుబాటును?"

"ఒకరో ఇద్దరో."

ఆ చలికాలంలోనే ఆమె చనిపోయింది.

ఆమె పేపర్లను ఎవరు సైట్ చేసినా నాకు తెలిసేలా ఆమె పేరు మీద పెట్టిన అలర్ట్ నేను తీసేయలేదు. పోయిన వారం కూడా ఒకటి వచ్చింది, మళ్లీ ఆ పేపరే. అట్లా సైట్ చేసినవాళ్లకు నేను మర్యాదగా ఒక మెయిలు రాస్తాను. జవాబు వచ్చేది తక్కువ. ఎంతమంది తలచుకున్నారో నా లెక్క చెబుతుంది గానీ, చదివి తలచుకున్నారో లేదో చెప్పదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే, అది నేర్పినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత చేసే దువాలో అబ్బా పేరు పక్కనే ఆమె పేరూ ఉంటుంది.

మీరు ఎక్కడైనా మన ఎండు అడవులు వేగంగా పెరుగుతున్నాయని చదివితే, ఒక్క క్షణం ఆగి రమాదేవి మేడంను తలచుకోండి. ఆ మాట తప్పు అని ముందుగా చెప్పింది ఆమెనే.