పళ్ళకు వేసిన ముడి

మా పెడనలో మగ్గం మీద చీరలు నేసినవాళ్ళు బోలెడుమంది. సొంత పళ్ళని పట్టుకుని నేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, ఒక్క షరతు మీద. మా వీధిలోకి వస్తే ఈ సంగతి ఎత్తకండి. మా ఆవిడ ఇప్పటికీ పడీపడీ నవ్వుతుంది.

అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా పడేది. "ఏవండీ, ఆ రక్తమేంటండీ?" అని మా ఆవిడ వరలక్ష్మి అడిగితే, "బ్రష్షు కొత్తదిలే" అనేవాణ్ణి. ఆ బ్రష్షు ఆర్నెల్లపాటు కొత్తగానే ఉంది. లోపల మాత్రం నాకు ఒకటే భయం. మా నాన్నకి యాభై నిండకుండానే పళ్ళన్నీ ఊడిపోయాయి. గుడివాడలో కట్టించుకున్న పళ్ళసెట్టు గ్లాసులో పడేసి, మజ్జిగన్నం మెత్తగా పిసికించుకుని తినేవాడు. నాకా గతి పట్టకూడదు, ఒక్క పన్ను కూడా పోకూడదు, అంతే. పైగా పోగు తెగితే పంటితో కొరికి అతకడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

చివరికి వరలక్ష్మే నన్ను బందరు బస్సెక్కించింది.

అక్కడి డాక్టరమ్మది మా చెల్లెలి వయసు. సన్నటి ఇనప పుల్ల ఒకటి తీసుకుని, ఒక్కో పన్ను పక్కన చిగురులోకి దించుతూ సిస్టరుకి అంకెలు చెప్పడం మొదలెట్టింది. "నాలుగు... నాలుగు... ఐదు..." సిస్టరు రాసుకుంటోంది. నాకర్థమైపోయింది, పళ్ళకి మార్కులేస్తున్నారు! కుడివైపంతా నాలుగులూ ఐదులే. ఎడమవైపుకి వచ్చేసరికి "ఆరు... ఆరు... ఏడు!" బళ్ళో పదికి మూడు దాటి ఎరగనివాణ్ణి. ఏడు అని వినగానే ఆ కుర్చీలోనే నా ఛాతీ పొంగింది.

"చిగుళ్ళ జబ్బండీ. చిగురు కింద గార గట్టిపడిపోయింది. పైపైన తీస్తే పోదు, మత్తిచ్చి పంటి వేళ్ళ దాకా శుభ్రం చెయ్యాలి. ఇవాళ కుడివైపు చేద్దాం, వచ్చే వారం ఎడమవైపు" అంది.

నాకు సబబుగానే తోచింది. మార్కులు తక్కువొచ్చినవాళ్ళకే కదా ముందు ప్రైవేటు చెప్పేది!

రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. కుడి బుగ్గ మొద్దుబారి, నాది కాకుండా పోయింది. నొప్పి లేదుగానీ, నోట్లో ఎవరో బోరు వేస్తున్నట్టు ఒకటే హోరు, నీళ్ళు, మధ్యమధ్యలో "ఉమ్మండి". అలా గంటసేపు. అయ్యాక డాక్టరమ్మ పాపం అన్నీ విడమరిచి చెప్పింది.

"మత్తు దిగేదాకా ఏమీ తినకండి, బుగ్గ కొరుక్కుంటారు. కొన్నాళ్ళు చల్లటివి తగిలితే జివ్వుమంటుంది. పళ్ళు కాస్త కదిలినట్టుంటాయి, సందులు కనిపిస్తాయి. కంగారు పడకండి, చిగురు గట్టిపడుతుంది. అర్థమైందా అండీ?"

గంగిరెద్దులా తలూపాను. నా ధ్యాసంతా చొక్కా మీద కారుతున్న చొంగ మీదే ఉంది.

పెడనలో బస్సు దిగగానే శేషగిరి ఎదురయ్యాడు. పక్క మగ్గం మీద నేస్తాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు.

"క్లీనింగు చేయించావా? కొంప మునిగింది బావా! మా తోడల్లుడూ ఇంతే. క్లీనింగు చేయించాడు, పళ్ళన్నీ వదులైపోయాయి."

బుగ్గ పట్టుకుని ఇంటికి పరుగులాంటి నడక అందుకున్నాను.

సాయంత్రానికి మత్తు దిగింది. ఇక నాలుక ఊరుకుంటుందా? కుడివైపు కింది పళ్ళ మధ్యకి వెళ్ళింది. సందులు! నిన్నటిదాకా లేని సందులు! ఎడమవైపుకి వెళ్ళింది. అక్కడ సందు లేని గోడ. డాక్టరమ్మ నా కుడి పళ్ళని అరగదీసేసిందా? అసలే మార్కులు తక్కువొచ్చిన పళ్ళు, ఇక నిలుస్తాయా? వేలితో నొక్కి చూశాను, కదిలింది. పన్ను కదిలిందో, నా వేలే వణికిందో నాకిప్పటికీ తెలీదు. ఏం చెయ్యాలో తోచక పిచ్చెక్కిపోయింది.

తెల్లారేసరికి ఉపాయం తట్టింది. మగ్గం గుంజకి అద్దం తగిలించి, ఎనభై నంబరు నూలు రెండు పేటలు చేసి, వదులైన కుడి పళ్ళు మూడింటినీ వరసగా చుట్టి, ముందుపళ్ళ మీదుగా తీసుకెళ్ళి ఎడమవైపు కింది ఏడు మార్కుల పన్నుకి బిగించాను. తెగిన పోగులు అతికే ముడే వేశాను. లాగినకొద్దీ బిగుసుకుంటుంది.

"ఏవండీ, అద్దం ముందు ఏం చేస్తున్నారు?"

"పళ్ళు కాపాడుకుంటున్నా."

"దేన్నుంచి?"

"డాక్టరు నుంచి!"

మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు తోటకూర తిన్నాను. అదంతా నూలుకి చుట్టుకుని నోట్లో పచ్చ అంచు తయారైంది. మూడో రోజు దారం చిగురులోకి దిగి, అంతా వాచి కూర్చుంది. వరలక్ష్మి కత్తెర తెచ్చింది, దూరలేదు. ముడి లాగింది, బిగుసుకుంది. "చాలే, వదిలెయ్!" అని అరుద్దామంటే నోరు పూర్తిగా తెరుచుకోదు. మూతికి తువ్వాలు కట్టుకుని మళ్ళీ బందరు బస్సెక్కాను.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "సిస్టర్, ఒకసారి ఇలా రండి" అంది. సిస్టరు కూడా చూసింది.

"ఎవరు కట్టారండీ ఇది?"

"నేనేనండీ. కుడివైపువి తక్కువ మార్కులవి కదండీ, వదులైపోయాయి. అందుకని ఏడు మార్కుల పన్నుని ఆసరా చేసుకుని..."

"మార్కులా?"

మార్కుల సంగతీ, సందుల సంగతీ, ఎడమవైపు గోడ సంగతీ అంతా చెప్పాను. సిస్టరు గోడవైపు తిరిగిపోయింది. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి.

"అవి మార్కులు కాదండీ. పంటికీ చిగురుకీ మధ్య గొయ్యి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో ఆ లెక్క. మూడు దాటితేనే జబ్బు. మీ నోట్లో అన్నిటికంటే పాడైంది ఆ ఏడు పన్నే. బాగుపడుతున్నవాటిని తీసుకెళ్ళి దానికి కట్టారు."

"మరి ఆ సందులు?"

"అవెప్పుడూ ఉన్నవే. ఇన్నాళ్ళూ గార నిండిపోయి కనిపించలేదు. ఎడమవైపు మీరు గోడ అనుకున్నది కూడా గారే."

అరగంట కష్టపడి దారం కోసి తీసింది. "ముడి మాత్రం గట్టిదండీ" అంది. ఆ రోజు నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

వాపు తగ్గాక ఎడమవైపూ చేయించుకున్నాను. మూడు నెలల తర్వాత మళ్ళీ పుల్ల దించి చూసింది. "రెండు... మూడు... రెండు..." పక్కనే ఉన్న వరలక్ష్మి చప్పట్లు కొట్టి, "ఫెయిలయ్యారండీ!" అంది. ఏడు మార్కుల మహానుభావుడు కూడా నాలుగుకి దిగాడు. ఒక్క పన్ను కూడా పోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే లెండి.

వచ్చేస్తుంటే డాక్టరమ్మ చిన్న డబ్బీ ఒకటి చేతిలో పెట్టింది. "రోజూ ఒకసారి ఇది పళ్ళ సందుల్లో పెట్టి శుభ్రం చేసుకోండి."

మూత తీశాను. లోపల చుట్టలు చుట్టిన దారం! ఆవిడ వంక చూశాను.

"పెట్టి, తీసి, పారెయ్యాలండీ" అంది డాక్టరమ్మ. "ముడి వెయ్యకూడదు."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మా మగ్గం గుంజ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. బతికున్నన్నాళ్ళూ రోజూ నా నోట్లోకి దారం వెళుతుంది. దాని రెండు కొసలూ మాత్రం నా రెండు చేతుల్లోనే ఉంటాయి.