పుస్తకాల గజమాల

శామీర్‌పేట చెరువు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అనుమానం ఉన్నవాళ్ళు పక్కనున్న పార్కుకు వెళ్ళి జింకల్ని అడగండి. ఇంతవరకు ఒక్క జింక కూడా నా మాట కాదనలేదు.

మా వైపు నాకు బాగా చదివే మనిషినని పేరుంది. బస్సులో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను, అంతే. పక్క సీటువాళ్ళతో కబుర్లలో పడి, దాన్ని తెరిచే సందు నాకెప్పుడూ దొరకలేదు. అయినా పిల్లలకు ఏ పుస్తకం కొనాలో అందరూ నన్నే అడుగుతారు. మా కాలనీలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ మొన్న గేటు దగ్గర ఆపింది.

"మా బాబుకి ఏడేళ్ళండి. ఏ కథల పుస్తకం ఇస్తే లెక్కల్లో ఫస్టొస్తాడంటారు?"

"కథల పుస్తకం ఇస్తే కథలొస్తాయమ్మా."

"అయితే వద్దులెండి" అంది, చాలా మర్యాదగా.

నన్ను పుస్తకం కోసమే పుస్తకం అడిగిన మనిషి ఒక్కతే. నా చిన్ననాటి దోస్తు కూతురు, తొమ్మిదో తరగతి. దోస్తు తాతలు కందులు పండించిన చేలల్లో వాడిప్పుడు హద్దురాళ్ళు పండిస్తున్నాడు. వచ్చే ఎన్నికల్లో నిలబడాలని ఆశ కూడా ఉంది. ఇంటినిండా పుస్తకాలే, అన్నీ ఎంట్రన్సు గైడ్లు. కథల పుస్తకం కంటబడిందంటే ఆ ఇంట్లో సిగరెట్టు పెట్టె దొరికినంత పంచాయతీ.

"కాకా, దయ్యాలుండాలె, నవ్వు రావాలె, ఆఖర్ల నీతి చెప్పొద్దు. గసొంటి బుక్కు ఉంటదా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఎందుకుండదు బిడ్డా. నీతి చెప్పే దయ్యాలన్నీ బడులల్ల నౌకరీకి కుదిరినయ్. మిగిలినయ్ పుస్తకాలల్లనే ఉన్నయ్."

సిటీకి వెళ్ళి వెతికి వెతికి ఒకటి తెచ్చాను. ఊళ్ళో చెట్లన్నీ కొట్టేశాక అద్దె ఇంటికోసం తిరిగే దయ్యం కథ. తెచ్చానే గాని ఇవ్వడం ఎలా? మామూలుగా ఇస్తే సాయంత్రానికి లాక్కుంటారు. అదే ఫంక్షన్‌లో నలుగురి ముందు ఇచ్చిన బహుమతిని మా వైపు ఎవరూ తీసిపారేయరు, ఇచ్చినవాడికి అవమానం. ఆ పిల్ల ఓణీల ఫంక్షన్ దగ్గర్లోనే ఉంది. దోస్తు చెవిన ఒక మాట వేశాను.

"ఏందిరా, పుస్తకాలు తెమ్మంటే జనం నవ్వరా?" అన్నాడు వాడు.

"పెద్ద పెద్ద లీడర్లంత గట్లనే అంటున్నరు. బొకేలు వద్దు, బుక్కులు తెండ్రి అని."

లీడర్లు అనేసరికి వాడి వెన్ను నిటారయింది. "అయితే కార్డుల కొట్టియ్యి."

కార్డులో కొట్టించాం: పూలు, శాలువాలు వద్దు, అమ్మాయికి పుస్తకాలే ఇవ్వండి, ముందురోజే మా రియల్ ఎస్టేట్ ఆఫీసులో అందజేయండి. జనం మేడ్చల్ దుకాణాల మీద పడ్డారు. పుస్తకం బరువును బట్టి ఇచ్చినవాడి పరువు కాబట్టి లావువి ముందు అయిపోయాయి. పద్నాలుగేళ్ళ పిల్లకు వాస్తు శాస్త్రం వచ్చింది, షుగరు తగ్గించే వంటలు వచ్చాయి, ట్రాక్టరు రిపేరు పుస్తకం వచ్చింది. నా దయ్యాన్ని కూడా ఆ కుప్పలోనే పెట్టి, కవరు మీద దయ్యం బొమ్మ ఉన్నదే తనదని పిల్లకు చెప్పి వచ్చాను.

ఇక్కడొక సంగతి నేను మరిచిపోయాను. మా దోస్తు ఏ ఫంక్షన్ చేసినా అనుచరులు క్రేన్ తెప్పించి, ఏనుగుకు సరిపోయే దండ వేయిస్తారు. ఈసారీ క్రేన్ ముందే మాట్లాడారు. తీరా కార్డు చూస్తే పూలు వద్దని ఉంది.

"పూలు వద్దన్నరు గని, అన్నకు దండ వద్దనలే గద" అన్నాడు వాళ్ళలో బుద్ధిమంతుడు.

హోర్డింగులకు బెజ్జాలు వేసే డ్రిల్లు తెచ్చి, ప్రతి పుస్తకానికీ పైమూలన ఒక బెజ్జం వేసి, అన్నిటినీ మోకుకు గుచ్చారు. మర్నాడు ఫంక్షన్ హాలు ముందు తండ్రీ కూతుళ్ళను నిలబెట్టి, డప్పుల మధ్య క్రేన్ దండను లేపింది. జనం ఫోన్లు ఎత్తారు. కొత్త ఓణీలో ఉన్న పిల్ల తల పైకెత్తి చూసింది. కవరు మీద దయ్యం బొమ్మను గుర్తుపట్టింది.

"కాకా, నా దయ్యం ఆడ ఏలాడుతాంది" అంది మెల్లగా.

ఫంక్షన్ అయ్యాక దండ ఇంటికి రాలేదు. కరీంనగర్ రోడ్డు మీద దోస్తు వెంచరు ఉంది. దాని ఆర్చికి కట్టించాడు, వచ్చేపోయేవాళ్ళకు కనబడాలని. పిల్ల నా ముందే అడిగింది.

"డాడీ, అండ్ల ఒక్క బుక్కు తీసియ్యి."

"ఎలక్షన్ల ముంగట దండ తెంపుతరా బిడ్డా? అరిష్టం. ఇంట్ల గైడ్లున్నయ్ గద, గవి చదువు."

"గవి నేను ముట్ట."

అన్న మాట ప్రకారం ముట్టలేదు. తండ్రితో మాట్లాడనూ లేదు. చివరికి ఒక సాయంత్రం దోస్తే నిచ్చెన వేసుకుని ఆర్చి ఎక్కాడు. మోకు కోసి, పుస్తకం తీసి, చొక్కాతో దుమ్ము తుడిచి, "నీకంటె దండ ఎక్కువనా బిడ్డా, చదువుకో" అని కూతురి చేతిలో పెట్టాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇగ ఒప్పుకుంటాను. మీరు క్రేన్ దగ్గరే అబద్ధం పట్టుకున్నామనుకుని ఉంటారు. క్రేన్ నిజం, డ్రిల్లు నిజం, ట్రాక్టరు రిపేరు పుస్తకం కూడా నిజమే. నేను కల్పించింది నిచ్చెన ఒక్కటే. నా దోస్తు ఎక్కలేదు, మోకు కోయలేదు, ఆ మాట అనలేదు. కన్నీళ్ళు కూడా నిచ్చెనతో పాటు వచ్చినవే.

దండ ఇప్పటికీ ఆర్చికే ఉంది, దయ్యం పుస్తకం దాని కింది కొసన వేలాడుతోంది. ట్యూషన్ వదలగానే ఆ పిల్ల వాచ్‌మన్ కుర్చీ లాక్కుని దాని మీద నిలబడి, పుస్తకాన్ని క్యాలెండరులా ఒక్కో కాగితం ఎత్తి చదువుకుంటుంది. బెజ్జం మింగిన మాటలు తనే పూరిస్తుంది. మొన్న నేను వెళ్ళేసరికి ప్లాట్లు అమ్మే ఏజెంటు, కొనడానికి వచ్చిన ఒకాయనను కారు దింపి ఆ పిల్లను చూపిస్తున్నాడు.

"మా ఓనర్ బిడ్డ సార్. ఈడ ప్లాటు తీస్కున్నోళ్ళ పిల్లలకు చదువు గిట్లనే వస్తది."

ఆయన ఫోటో తీద్దామని దగ్గరికి జరిగాడు. పిల్ల తల తిప్పలేదు.

"జర పక్కకు జరుగుండ్రి అంకుల్. వెలుతురుకు అడ్డమొస్తున్నరు."