మద్దిలేటి చూపుడువేలు

శక్తినగర్ కాలనీ క్లబ్బులో మద్దిలేటి క్యారమ్స్ బోర్డు ముందు కూర్చుంటే మిగతావాళ్లు పౌడరు చల్లడానికి తప్ప దేనికీ పనికిరారు. ఈ మాట అన్నది వాళ్లెవరూ కాదు, మద్దిలేటే. గద్వాల నుంచి వచ్చి పవర్ స్టేషన్‌లో టర్బైన్ దగ్గర ఉద్యోగంలో కుదురుకున్న మనిషి. ఇంట్లోనూ ఒక బోర్డు ఉండేది. దాని మీద భార్య గంగాభవానిని చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "ఇది నీ రొట్టెల పీట కాదు" అనేవాడు.

రిటైరైన ఏడాదే పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం అలిగిన అల్లుడిలా మూల కూర్చుంది. మెదడులో ఆ చేతిని ఆడించే చోట కొన్ని కణాలు చచ్చిపోయాయని డాక్టరు చెప్పాడు. రాయచూరు నుంచి ఫిజియోథెరపీ చేయించే వాదిరాజ్ వచ్చి, శనగలు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వెయ్యమన్నాడు.

"టర్బైన్ నడిపినోణ్ని, నాతోని శనగలు ఏరిపిస్తవా?" అన్నాడు మద్దిలేటి. అన్నాడే గానీ ఒక్క గింజా వేళ్లకు చిక్కలేదు. ఇల్లంతా దొర్లాయి.

ఆ వారమే తమ్ముడి కూతురు రూప చూడటానికొచ్చింది. ఆ పిల్ల బెంగళూరులో మెదడు కణాల మీద పరిశోధన చేస్తోంది.

"చచ్చిన నరాలు మల్ల లేస్తయా బిడ్డా?"

"లేవవు పెదనాయినా. పక్కన బతికున్నవి కొత్త పొత్తులు పెట్టుకుంటయి."

ఆమె నిదానంగా చెప్పింది. నరకణం ఒంటి మీద అంటుకునే ప్రోటీన్లుంటాయి. ఒక కణం కొస ఇంకో కణాన్ని తాకినప్పుడు ఇటువైపు ప్రోటీన్లు అటువైపు వాటిని పట్టుకుంటాయి. పట్టుకుని ఊరుకోవు, ఇక్కడ అతుకు కట్టాలని కణం లోపలికి కబురు పంపుతాయి. వాడుతూ ఉంటే అతుకు నిలబడుతుంది. వాడకపోతే చాలావరకు ఊడిపోతుంది.

"అంటే జిగురు ఎంతుంటే అంత మంచిదన్నట్టు."

"కాదు. పట్టు మరీ బిగుసుకుంటే కొత్తది నేర్వలేం. కొన్ని సడలాలె, అప్పుడే అతుకు మారుతది."

వంటింట్లోంచి గంగాభవాని అందుకుంది. "మీ పెదనాయిన తలకాయల అంతా గట్టి జిగురే బిడ్డా. పెండ్లైన కాడికెళ్లి చూస్తున్న, ఒక్క మాట సడల్లే."

మద్దిలేటికి నవ్వొచ్చింది. మూతి ఒక పక్కకే నవ్వింది. అది చూసి ఆడవాళ్లిద్దరూ నవ్వారు.

మర్నాటి నుంచి పొద్దున శనగలు, సాయంత్రం స్ట్రైకరు. స్ట్రైకరు కదలడం మొదలుపెట్టాక ఒకసారి ఎగిరి పప్పుగిన్నెలో పడింది. "పాకెట్లనే పడ్డది గద" అన్నాడు.

చలికాలంలో క్లబ్బువాళ్లు ఇద్దరిద్దరి పోటీ పెట్టారు. పాత జోడీ ఉరుకుందప్ప నేల చూపులు చూస్తూ, వేరేవాళ్లకు మాటిచ్చానన్నాడు. దిక్కులేక గంగాభవానిని అడిగాడు మద్దిలేటి. "స్ట్రైకరు పట్టడం నేర్పిస్తలే."

"నాకొచ్చు. నువ్వు డ్యూటీకి పోయినాంక పక్కింటి వసంతలక్ష్మీ నేనూ రోజూ ఆడుతుంటిమి."

"నా బోర్డు మీదనా!"

"మరి రొట్టెల పీట మీద ఆడుతరా?"

పోటీలో ఆమె వరసగా కాయిన్లు వేస్తుంటే నోరు తెరుచుకుని చూశాడు. తన వంతొచ్చింది. చూపుడువేలు వణికింది, ఆగింది, కొట్టింది. కాయిన్ నెమ్మదిగా వెళ్లి పాకెట్లో పడింది. క్లబ్బంతా చప్పట్లు. పడింది ఎదుటివాళ్ల కాయిన్ అని ముందు గమనించినవాడు మద్దిలేటే.

"వేలు కొత్తగ పొత్తులు పెట్టుకుంటున్నది. మనోళ్లెవరో మందోళ్లెవరో దానికింకా ఎరుకలే" అన్నాడు. మొదటి రౌండులోనే ఓడిపోయారు.

ఇప్పుడు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు. ఒకటి తప్పి చొక్కా వంకరగా వేలాడుతుంది. గంగాభవాని సరిచెయ్యబోతే, "ఉండు, నేర్చుకోనీ" అని మళ్లీ మొదటి నుంచి విప్పుతాడు.