రాజుగారి గుర్రం కింది మెట్టు

మా ఊరి సెంటర్లో ఒక రాజుగారు కంచు గుర్రమెక్కి ఉంటారు. ఆయన ఏ యుద్ధం గెలిచారో మా అత్తయ్యకు అక్కర్లేదు. ఆవిడకు కావలసింది దిమ్మె కింది మెట్టు. గోదారి రేవులో స్నానం చేసి, తడి చీర సంచీలో వేసుకుని వస్తుంటే మోకాళ్ళు మొరాయించేది సరిగ్గా అక్కడే. కాసేపు కూర్చుని, లేచేటప్పుడు పొట్లంలో మిగిలిన పసుపూ కుంకుమా చేతికందే వెనక డెక్కకు పెట్టేవారు.

"అది దేవుడు కాదత్తయ్యా, గుర్రం" అంటే, "ఒకరిని మోస్తోంది కదమ్మా! నీ స్కూటర్‌కి పెట్టట్లేదూ?" అనేవారు.

ఆవిణ్ణి చూసి మిగతా ఆడవాళ్ళూ మొదలెట్టారు. డెక్క పచ్చబడింది. అంతే, సుందరీకరణ పేరుతో దిమ్మె చుట్టూ స్టీలు గ్రిల్లు, గేటు, తాళం.

మున్సిపల్ ఆఫీసుకెళ్ళి అడిగాను.

"పసుపు పూసి కంచు పాడుచేస్తున్నారండి. రాజుగారి గౌరవం చూడాలి కదండి" అన్నాడు ఆఫీసరు.

"తలమీద కాకులు చేస్తున్న గౌరవం చూశారా? వాటికి ఏ తాళం వేశారు?"

"మీరు లెక్చరరా మేడం?"

"కాదండి, కోడల్ని."

వారం తిరక్కుండానే ఎవరో నాయకుడి పుట్టినరోజని అదే గేటు బార్లా తెరిచారు. అవే మెట్లమీద బూట్లతో నిలబడి ఫొటోలు దిగారు. గుర్రం మెడకు ఫ్లెక్సీ కట్టారు. అప్పుడు పాడవని కంచు, మా అత్తయ్య చిటికెడు పసుపుకి పాడైపోతుందట!

"పోనీలేమ్మా, పంపులో వచ్చేదీ గోదారే కదా. ఇంట్లోనే పోసుకుంటాను" అన్నారు అత్తయ్య. కాపురానికి వచ్చినప్పటినుంచీ మానని స్నానం, ఒక గ్రిల్లు కోసం మానేస్తారట. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు వంటింట్లోని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వెంట బయల్దేరాను. తిరుగుదారిలో గ్రిల్లుకు ఆనించి వేసి, ఆవిణ్ణి కూర్చోబెట్టాను. కానిస్టేబుల్ వచ్చాడు.

"కుర్చీ తీయండమ్మా, ట్రాఫిక్కుకి అడ్డం."

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "నువ్వు ఆ తాళం తీయించు నాయనా, కుర్చీ మా కోడలు తీసేస్తుంది."

తాళంచెవి ఎవరి దగ్గరుందో అతనికీ తెలియదు. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

లేచేముందు ఆవిడ అలవాటుగా పొట్లం విప్పి, గ్రిల్లు సందులోంచి చెయ్యి చాపారు. డెక్క అందలేదు. ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీ చేతికి బొట్టు పెట్టారు.

రోజూ ఆ కుర్చీ మోసుకెళ్తున్నాను. ఎవరు తీయిస్తారో తీయించమనండి.