చదవడానికే తెరిచాను

చదవాల్సిన బైనరీ ఫైలును రాసే మోడ్‌లో తెరిచిన తెలివి నాది. తెరవగానే అది ఖాళీ అయింది. మర్నాటి పరీక్షకు పంపాల్సిన క్లాసు మొత్తం వివరాలు అందులోనే ఉన్నాయి.

పలాసలో మాకు కంప్యూటర్ సి భాష నేర్పిన మాస్టారు కోపమొస్తే తిట్టరు. కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుస్తారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"ఏటి సేసేవురా?"

"తెరిసేనండి, అంతే."

"ఫైలుతో పాటు నా కళ్లూ తెరిపించేవు. కూకో, మళ్లీ కొట్టు."

చుట్టుపక్కల ఉద్దానం పల్లెల నుంచి వచ్చే మా క్లాసు పిల్లలందరి పేర్లు, ఊళ్లు, తండ్రుల పేర్లు మాస్టారు కాయితం చూడకుండా చెప్పారు. నేను టైపు కొట్టాను. చివర ఒక పేరు సొంతంగా చేర్చాను.

మర్నాడు స్క్రీన్ చూసి హాజరు పిలుస్తూ, మాస్టారు చివర్లో తన పేరు తానే గట్టిగా పిలిచారు.

"వచ్చేరండి," అంది క్లాసంతా.