అవ్వ పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చంటిపిల్లలకు నీళ్లు పోయాలంటే మా అవ్వే పోయాలి. నిజాం రోజులవి. చీర మోకాళ్లపైకి దోపుకుని, పీట మీద కాళ్లు చాపి కూర్చుని, ఆ కాళ్ల మీదే పిల్లవాణ్ణి బోర్లా పడుకోబెట్టి చెంబుతో పోసేది. మా వాడలో సగం మంది ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లే.

మా తమ్ముడు ఇంకా పాలు తాగుతున్నాడు. ఒకరోజు నీళ్లు పోసిన సాయంత్రానికి వాడికి జ్వరం వచ్చి ఒళ్లంతా ఎర్రబారింది. తెల్లారేసరికి మెడ మడతల్లో, చంకల్లో తోలు ఉడికిన చామగడ్డ పొట్టులా ఊడి వస్తోంది. ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుపు. అమ్మవారు పోసిందని కొందరు వేపమండలు తెచ్చారు. పక్కింటి పెద్దమ్మ మాత్రం, "ముసల్దాని చేతులు మొద్దుబారినయి, నీళ్ల కాక ఏం తెలుస్తది? పోరన్ని కాల్చి పెట్టింది" అనేసింది. అయ్యో, ఆ మాటను అందరికంటే ముందు నమ్మింది మా అవ్వే! అన్నం ముట్టకుండా తన అరచేతులనే చూసుకుంటూ కూర్చుంది.

బాపు బండి కట్టాడు. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ తమ్ముడి నోరు తెరిచి చూసింది. అమ్మవారైతే ఉండాల్సిన పొక్కులు లోపల ఒక్కటీ లేవు. ముక్కు కింద చిన్న పుండు దగ్గర ఆమె చూపు ఆగింది. బాగానే ఉన్న చోట వేలితో మెల్లగా రాస్తే అక్కడా తోలు జారింది. అవ్వ ఇక ఆగలేక, "నేనే కాల్చిన బిడ్డా, నా చేతులు పడిపోను" అని ఏడ్చింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "జర కూసో అవ్వా. నీళ్లెట్ల పోస్తవో చూపియ్" అన్నది. అవ్వ అలవాటుగా చీర ఎగదోపి కాళ్లు చాపింది. డాక్టరమ్మ వంగి ఆ కాళ్లను మోకాళ్ల నుంచి పాదాల దాకా నిమిరింది.

"పోరన్ని కాల్చిన నీళ్లు గీ కాళ్ల మీదికెల్లే గద పోవాలె! ఒక్క బొబ్బన్న ఉన్నదా?"

మేమంతా వంగి చూశాం, ఒక్కటీ లేదు. రోజూ చూసే కాళ్లే, కానీ ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

నీళ్లూ కాదు, అమ్మవారూ కాదు, ఆ పుండులో పుట్టిన విషం ఒళ్లంతా పాకి పైతోలును వదులు చేస్తోందని ఆమె చెప్పింది. వేపమండలు కట్టుకుని ఇంట్లోనే కూర్చుంటే పిల్లవాడు దక్కేవాడు కాదట. దవాఖానలోనే ఉంచుకుని మందు తాగించారు. పాత తోలు రాలి, కింద నుంచి లేత తోలు వచ్చింది. ఒక్క మచ్చ లేదు! నేను వాణ్ణి తిప్పి తిప్పి చూసుకున్నాను.

ఇంటికొచ్చాక అవ్వ చెంబు పట్టనంది. అమ్మ ఊరుకోలేదు. "నువ్వే పొయ్యాలె అత్తా" అని వాణ్ణి తెచ్చి ఆ కాళ్ల మీదే పడుకోబెట్టింది. అవ్వ మొదటి చెంబు తన కాళ్ల మీద పోసుకుని, తర్వాత వాడి మీద పోసింది.

ఇప్పుడు నా మునిమనవళ్లకు నేనే పోస్తాను. ఎక్కడైనా పసివాడి తోలు ఊడుతోందంటే నీళ్లు పోసినవాళ్లను తప్పుపట్టనీయకుండా ముందు దవాఖానకు తరుముతాను. ఇక మొదటి చెంబు మాత్రం నా కాళ్ల మీదే.